ఒకే ఏటి బండ్లు తోబుట్టువులు

పోయిన నెల పుంగనూరు బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ చూశాను. నాకు అక్షరాలు మనవరాలు పుట్టాక వచ్చాయి. అందుకని ఏ బోర్డు కనపడినా నిలబడి చివరిదాకా చదువుతాను, బస్సు పోయినా సరే. ఆ ఫ్లెక్సీ మీద అశ్రునివాళి అని ఉంది. కింద ఒక మనిషి నల్లకోటు, టై వేసుకుని, చేతులు కట్టుకుని, ఓట్లకు నిలబడినవాడి మాదిరి నవ్వుతున్నాడు. మెడ మీద మాత్రం మా మెకానిక్కు తల ఉంది.

తల ఆయనదే. ఒళ్లు ఎవరిదో. మెడ దగ్గర అతుకు కూడా కనపడుతోంది. పైన నలుపు, కింద ఎరుపు. ఆయన జన్మలో కోటు వేసుకోలేదు. మంచి ఫోటో ఒక్కటి కూడా దొరక్క, ఫ్లెక్సీ షాపువాడు తన దగ్గర ఉన్న ఒంటికి ఈయన తల తెచ్చి బిగించేశాడు. ఏడుపు రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. పక్కన అరటిపండ్లు అమ్మే ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, "ఏమ్మా, సచ్చినోణ్ని సూసి నవ్వుతాండావే" అంది.

ఏం చెప్పేది ఆమెకు? బతికినన్నాళ్లూ ఆయన చేసిన పని అదే. ఈ బండి తల తీసి ఆ బండికి, ఆ బండి గుండెకాయ తీసి ఈ బండికి. తేడా ఒక్కటే. ఆయనైతే అతుకు కనపడనిచ్చేవాడు కాదు. కనపడినా ఒప్పుకునేవాడు కాదు.

పేరు రాయను. రాసినా ఎవరికీ తెలియదు. మా పక్క అందరూ ఆయన్ను సంబంధాలప్ప అనే పిలిచేవాళ్లు. అది విని ఒకసారి సదుం నుంచి ఒక రైతు నిజంగానే కూతురి పెళ్లి మాట్లాడటానికి షెడ్డుకు వచ్చాడు. పిల్ల ఫోటో తీసి ముందర పెట్టాడు. ఈయన ఇంజనులోంచి తల ఎత్తకుండా, పిల్ల పుట్టిన ఏడు ఏది, ఇంట్లో పొగ ఏమన్నా వస్తుందా అని అడిగాడట. రైతు వంటింటి పొగ అనుకుని గ్యాసు వచ్చిందని చెప్పాడట. ఇద్దరూ చాలాసేపు ఒకరి మాట ఒకరు మన్నిస్తూ మాట్లాడుకున్నారు. టీలు కూడా తాగారు. రైతు లేచి పోతూ పోతూ, అబ్బాయి ఏం చదివాడో చెప్పలేదే అన్నాక గానీ ఇద్దరికీ సంగతి తెలియలేదు.

మదనపల్లె రోడ్డులో, ఊరు అయిపోయే చోట ఆయన రేకుల షెడ్డు. వెనకాలే ఇల్లు. మోపెడ్లు, ఆటోలు, మోటారు పంపులు, పొలం దున్నే చిన్న ట్రాక్టర్లు, అన్నీ పొట్టలు విప్పుకుని పడుండేవి. ఆయన దృష్టిలో ఇంజను ఒక ఇల్లు. దానిలోకి వేరే బండి నుంచి వచ్చే సామాను కోడలు. కొత్త సామాను అంగట్లో దొరికితే ఆయనకు ఆ పని మీద మనసుండదు, ఇది ఎవరైనా బిగిస్తారు అని పక్కకు తోసేవాడు. సామాను ఎక్కడా దొరకని పాత బండి రావాలి. అప్పుడు ముఖం వెలిగేది. చేతులు తుడుచుకుని, బీడీ ఆర్పేసి, బండి సొంతదారును ఎదురుగా డబ్బా మీద కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టేవాడు. బండి ఏ ఏడాదిది, ముందు ఎవరింట్లో ఉండింది, ఏ నూనె తాగింది, పొగ తెలుపా నీలమా.

ఆయన లెక్క ఇది. అదే కంపెనీలో వేరే ఏడాదిలో పుట్టిన బండి నుంచి సామాను తేవాలి. ఒక ఏడాది తేడా ఉంటే మేనత్త కూతురు. రెండేళ్లయితే మేనమామ కూతురు. అంతకు మించితే బయటి సంబంధం, ఆకురాయితో కొంచెం అరగదీయాల్సి వస్తుంది గానీ కాపురం చేస్తుంది. ఇక ఒకే ఏడాదిలో పుట్టిన బండ్లున్నాయే, అవి తోబుట్టువులు. వాటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడం లేదు. ఆ మాట ఎత్తితే చెవుల మీద మసి చేతులు పెట్టుకునేవాడు.

ఇది ఎంత తిక్క లెక్కో ఇనుము ముట్టుకున్న ఎవరికైనా తెలుస్తుంది. ఒకే ఏడాది బండ్ల సామాన్లు ఒకదానికొకటి అచ్చంగా సరిపోతాయి. వేరే ఏడాదివి తెస్తేనే బోల్టు రంధ్రం అటు, గాడి ఇటు. ఈయన సరిపోయేదాన్ని వద్దని, సరిపోనిదాన్ని వెతికి తెచ్చి, అరగదీసి, చెమటలు కక్కుతూ బిగించేవాడు. సగం బండ్లు నడిచేవి. తక్కిన సగం సంగతి అడిగితే, కోడలన్నాక సర్దుకోవడానికి టైం పడుతుందప్పా అనేవాడు.

బిగించే ముందు పెళ్లిచూపులు. ఇంజనునూ, కొత్తగా వచ్చిన సామానునూ కిరసనాయిలుతో కడిగి, గోనెపట్ట మీద పక్కపక్కన పెట్టి, ఒక పూట వదిలేసేవాడు. ఒకరి సెగ ఒకరికి తగలాలట. ఆ పూటంతా ఆయన టీ అంగట్లో ఉండేవాడు. బండివాళ్లు వచ్చి కేకలేస్తే, పిల్లాపిల్లోడూ మాట్లాడుకుంటున్నారు, మధ్యలో మనమెందుకు అనేవాడు.

మదనపల్లె దగ్గర అంగళ్లు ఊళ్లో ఇంజనీరింగు చదివే పిల్లోడొకడు తన బైకు తెచ్చాడు. పెట్రోలు గాలీ కలిపే కార్బొరేటరు పోయింది. స్నేహితుడి పాత బైకు నుంచి ఊడదీసుకొచ్చాడు. అదే కంపెనీ, అదే ఏడాది. ఈయన ముట్టలేదు. పిల్లోడు నవ్వి, వేరే షాపులో బిగించుకుని, డుర్రుమని తిరిగి వచ్చి షెడ్డు ముందర రెండు చుట్లు కొట్టాడు. నేను ఆ పొద్దు మోటారు పంపు బాగు చేయించుకోవడానికి వచ్చి అక్కడే ఉన్నాను. అందరూ ఈయన ముఖం వైపు చూశారు. ఈయన కంగారు పడలేదు.

"నడుస్తాది. నడవదని నేనన్నానా? తప్పని మాత్రమే అన్నా" అని బీడీ ముట్టించుకున్నాడు.

కొలతలకు ఆయన వాడేది చీపురుపుల్ల. ఇంజను గొట్టంలోకి పుల్లను అడ్డంగా పెట్టి, గోడకు తగిలిన చోట గోటితో తుంచి, ఆ ముక్కను ఇంకో గొట్టంలో పెట్టి చూసేవాడు. ఇనుప స్కేళ్లను నమ్మేవాడు కాదు. ఎప్పుడూ చెవి సందులో రెండు పుల్లలు, జేబులో నాలుగు. ఆ పుల్లలు వచ్చేది ఆయన పెళ్లాం చీపురులోంచి. ఆ ఇంట్లో చీపురు నేను చూసినప్పుడల్లా జబ్బు చేసిన మనిషి జడలా ఉండేది. ఆమె వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ, మా ఇల్లు ఊడ్చాలంటే ముందు ఆయన జేబులు ఊడ్చాలక్కా అనేది. పదునైన నోరు. వాళ్లకు పిల్లలు లేరు. ఆ మాట వాళ్లు ఎత్తేవాళ్లు కాదు, మేమూ ఎత్తేవాళ్లం కాదు.

ఇంక మా కప్ప సంగతి చెబుతాను.

మాది రామసముద్రం పక్క. మా బావి, చేను, ఆవుల కొట్టం అన్నీ గుట్ట మీద ఉన్నాయి. ఇల్లు, రోడ్డు, పాలవ్యాను కింద. నాకున్నవి మూడు పుంగనూరు ఆవులు. వాటి ఎత్తు నా నడుము దాకా కూడా రాదు, పొగరు మాత్రం ఏనుగుది. పొద్దున పాలు కిందికి దించాలి, తవుడు పైకి మోయాలి. మోకాళ్లు పోయాక ఒకసారి పాలక్యానుతో సహా దొర్లుకుంటూ దిగాను. అప్పుడు మా వాడు, కంపెనీలో ఉద్యోగం చేసే నా కొడుకు, కొండ మీద మూతబడిన ఒక రిసార్టు నుంచి నాలుగు చక్రాల బైకు తెచ్చాడు. లావు టైర్లు, రాళ్ల మీద కూడా ఎక్కుతుంది. పిల్లలు ఏటీవీ అంటారు. పచ్చరంగుతో, ముందు కాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టు ఉంటే నేను కప్ప అన్నాను, అదే ఖాయమైంది. దానితో పాటు విడిభాగాలకు పనికొస్తుందని ఒక ఎర్రది కూడా ఇచ్చారు. ఎర్రది కప్ప కంటే రెండేళ్లు పాతది, నడవదు.

ఒక ఎండాకాలం మా వాడు నూనె చూసుకోకుండా కప్పను గుట్ట ఎక్కించాడు. సగంలో కుయ్యిమని నిలిచిపోయింది. మళ్లీ నా కాళ్లే గతి. అదే వారం బెంగుళూరు నుంచి ఒకాయన ఫోను చేశాడు. పొట్టి ఆవుల్ని ఇళ్లలో పెంచుకునే వీడియోలు చూశాడట, మూడూ కావాలట. వాటిని హాల్లో నాపరాళ్ల మీద తిప్పుకుంటాడట, పండక్కి గజ్జెలు కడతాడట. మా వాడు నాతో తెగేసి చెప్పాడు: ఆదివారం ఆయన వస్తాడు. ఆలోపల బండి నడిస్తే ఆవులు ఉంటాయి. నడవకపోతే ఆవులు పోతాయి. నువ్వు ఇంకోసారి దొర్లితే నేను చూడలేను. వాడి మాటలో న్యాయం ఉంది, అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

సంబంధాలప్పను పిలిపించాను. ఇంజను విప్పి చూశాడు. పిస్టను పైకీ కిందికీ ఆడే ఇనుప గొట్టాన్ని వాళ్లు బోరు అంటారు. పిస్టను దానిలో పట్టేసింది. లోపలంతా గీతలు.

"అక్కా, దీనికి ఇంగ పిల్లను సూడాల" అన్నాడు.

"సూడు. ఆదివారం లోపల సూడు."

"పెండ్లి పనుల్లో తొందర పనికిరాదు."

"తొందర నాది కాదప్పా, బెంగుళూరాయనది."

ఆయన కళ్లు ఎర్రదాని మీద పడ్డాయి. మేనమామ కూతురు వాకిట్లోనే కూర్చోనుంటే దిగులెందుకని, ఆ పూటే దాని బోరు ఊడదీసి, బోరునూ కప్పనూ ట్రాలీ ఆటోలో వేసుకుని షెడ్డుకు పోయాడు. మరుసటి రోజు పోయి చూస్తే గోనెపట్ట ముందర తల పట్టుకుని కూర్చున్నాడు. ఎర్రదాని బోరు కింది అంచు లావు. కప్ప ఇంజను నోట్లో దూరడం లేదు. తేడా ఎంత అంటే చీపురుపుల్ల చూపించాడు, పుల్ల మందం. పుల్లంతేనా అన్నాను. పుల్లయితే నమిలేస్తానక్కా, ఇది ఇనుము, చుట్టూరా ఒకే తీరుగా చేత్తో అరగదీయాలి, ఆదివారానికి కాదు అన్నాడు. అప్పుడే నోరు జారి, కుప్పంలో తాను పని నేర్చుకున్న ముసలాయన పాత సామాన్ల అంగట్లో ఇట్లాంటి బండి ఇంకోటి పడుందని చెప్పాడు. చెప్పి నాలుక కరుచుకున్నాడు.

"మరి లేయప్పా, పోదాం."

"అది దీని చెల్లెలక్కా. ఒకే ఏడు."

చెల్లెలో పిన్నమ్మో చూసొద్దామని రెక్క పట్టుకుని బస్సెక్కించాను. అక్కడ వేరే ఏడాదిది ఏదన్నా దొరుకుతుందేమోనని ఆశతో వచ్చాడు గానీ, లేకుంటే రాడు.

కుప్పంలో ఆ ముసలాయన ఇనుప గుట్టల మధ్య నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పళ్లు లేవు, చెవులు బాగున్నాయి. శిష్యుణ్ని చూసి సంతోషపడ్డాడు. ఈయన వంగి కాళ్లకు మొక్కి, వేరే ఏడాది బోరు కోసం గుట్టల్లోకి దూరిపోయాడు. ఎదురుగా, చేతికందే దూరంలో, గుద్దుకుని ముక్కు చప్పిడైన బండి ఒకటి ఉంది. కప్పకు అచ్చం కవల. బోరు అద్దం మాదిరి ఉంది. నేను ముసలాయనను అడిగాను, ఈ ఒకే ఏడాది తోబుట్టువుల కథ ఎక్కడిదని.

ఆయన నన్ను కాసేపు చూసి, "వీడింకా ఆ మాట పట్టుకోనుండాడా" అని మంచం ఊగేలా నవ్వాడు.

సంగతి ఏమంటే, ఆ రోజుల్లో ఆయన షెడ్డులో పనివాళ్లకు ఒక చెడ్డ అలవాటు. ఒకే ఏడాది బండ్లు రెండు పక్కపక్కన నిలబడితే, తెలియనివాళ్ల బండిలో మంచి సామాను తీసి తెలిసినవాళ్ల బండికి వేసేసేవాళ్లు. అచ్చంగా సరిపోతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తిట్టినా మానలేదు, కొట్టినా మానలేదు. విసుగెత్తి ఒక రోజు అందరినీ నిలబెట్టి, ఒకే ఏడాది బండ్లు ఒక తల్లి బిడ్డలురా, వాటి మధ్య సామాను మారిస్తే మహాపాపం అని చెప్పాడట.

"అందురూ నవ్వినారు. వీడొక్కడే నవ్వలా" అన్నాడు.

మరి తర్వాతైనా నిజం చెప్పొచ్చు కదా అన్నాను.

"చెప్దామనే అనుకుంటి. ఆ షెడ్డులో సామాను పోనిది వీడొక్కడి చేతిలోనే. ఇంగ చెప్పేదేంటికమ్మా."

నేను మొహం మీద చెప్పే మనిషిని. మా కోడల్ని అడగండి, మా వీధిని అడగండి. ఒక్క మాట చెబితే అయిపోతుంది: నాయనా, అది దొంగతనం ఆపడానికి చెప్పిన అబద్ధం, వేసెయ్. అంతలో ఆయన గుట్టల్లోంచి బయటికి వచ్చాడు. తల నిండా తుప్పు, చేతిలో దేనికీ పనికిరాని ఒక హెడ్‌లైటు. దొరకలేదక్కా, దీన్ని ఊరికే చూద్దామని తెచ్చానని చిన్నపిల్లోడిలా నవ్వాడు. నాకు నోరు రాలేదు. కవల బోరును దాని పిస్టనుతో సహా ఊడదీయించి, తువ్వాలులో చుట్టి, నేనే పట్టుకున్నాను. ఆయన ముట్టలేదు. బస్సులో కూడా నా పక్కన కూర్చోకుండా, నేనెవరో తెలియనట్టు నడవకు అవతలి సీట్లో కూర్చున్నాడు. చెల్లెల్నే పెళ్లికూతురుగా మోసుకొచ్చే పాపం తనకెందుకని.

పలమనేరు దాటాక నేనే మొదలుపెట్టాను.

"ఏమప్పా, దత్తత పోతే గోత్రం మారతాదా లేదా?"

"మారతాది. యాల?"

"ఈ బోరును దత్తత ఇచ్చేద్దాం. ఇంగ కప్పకూ దీనికీ తోడబుట్టిన వరస ఉండదు."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "గోత్రం మారినా రక్తం మారదు గదక్కా" అన్నాడు.

"ఇనుముకు రక్తం యాడిదప్పా?"

"నూనె ఉండాది గదా."

"నూనె మార్చేస్తాం."

కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఈయన కిటికీలోంచి చూస్తూ వేళ్ల మీద ఏవో వరసలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఎవురు దత్తత తీసుకునేది?"

"మీ ఇంటిది."

ఆమెకు చెబితే, చీపుర్లే మిగల్లేదు, ఇంక బోర్లు కూడా సాకాలా అంది. అన్నా, లేచి కాళ్లు కడుక్కుని వచ్చింది. షెడ్డు గడప మీద తూర్పుకు తిరిగి కూర్చుంది. చీర పాడవుతుందని ఒడిలో గోనెపట్ట వేయబోతే ఆమె దాన్ని తీసేసింది. బిడ్డను గోనెపట్ట మీద ఎవరన్నా పెడతారా అంది. నేను బోరుకు పసుపు రాసి, మా ఇంటి పిల్లను మీ ఇంటికి ఇస్తున్నామని పెద్దమనిషిలా పలికి, ఆమె ఒడిలో పెట్టాను. ఆయన స్పానరు పక్కన పెట్టి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, అందరికీ బెల్లం ముక్కలు పంచాడు. అక్కడ ఉన్న ఆటోవాళ్లు పగలబడి నవ్వుతున్నారు. వాళ్లలో ఒకడు, పేరు పెట్టొద్దామ్మా అన్నాడు, ఎగతాళికి.

ఆమె ఒక పేరు చెప్పింది. ఆలోచించుకోకుండా, ఎప్పటి నుంచో సిద్ధంగా పెట్టుకున్నట్టు చెప్పింది. ఆటోవాళ్లు నవ్వడం ఆపారు. దత్తత అయిపోయిందిలే, ఇటివ్వు మే అని నేను చెయ్యి చాపాను. ఆమె వెంటనే ఇవ్వలేదు. కొంగుతో ఒక మరక తుడుస్తూ కూర్చుంది.

ఆయన మమ్మల్నందరినీ పంపించేశాడు. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే చోట బయటివాళ్లు ఉండకూడదన్నాడు. శనివారమంతా షెడ్డు తలుపు వేసే ఉంది.

ఆదివారం పొద్దున బెంగుళూరాయన వచ్చేశాడు. తెల్ల ప్యాంటు, పక్కన భార్య, ఆమె చేతిలో కర్రకు తగిలించిన ఫోను. ఆవుల కోసం మూడు పూలదండలు కూడా తెచ్చారు. మా వాడు వాళ్లను గుట్ట ఎక్కిస్తున్నాడు. నేను కొట్టంలో పాలు పితికి, క్యాన్ల పక్కన కూర్చుని, కింద దారి వైపు చూస్తున్నాను. ఎవరూ రాలేదు. బెంగుళూరాయన పెద్దావు మెడలో దండ వేశాడు. ఆవు ఆ దండను నింపాదిగా తినేసింది. ఆమె ఫోను దగ్గరగా పెట్టింది. తాడు ఏదమ్మా అని మా వాడు నన్ను అడిగాడు. వెతుక్కోమన్నాను. తాడు నా కిందే ఉంది, నేను దాని మీదే కూర్చున్నాను.

అప్పుడు వినపడింది. గుట్ట మొదట్లో దగ్గు, తర్వాత డబడబడబ. కప్ప రాళ్ల మీద దూకుతూ పైకి వస్తోంది. మీద సంబంధాలప్ప, చొక్కా గుండీలు ఇంకా మెడ దాకా పెట్టుకునే ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వేళ్లన్నిటికీ గుడ్డపేలికలు చుట్టుకుని ఉన్నాడు. కొట్టం ముందర ఆపి, ఇంజను ఆపకుండా దిగి, బండి నాకు అప్పజెప్పాడు. నేను క్యాన్లు ఎక్కించుకుని, అందరి ముందరా గుట్ట దిగి, వ్యానుకు పాలు పోసి, తవుడు వేసుకుని, మళ్లీ ఎక్కి వచ్చాను. మా వాడు తలవంచుకుని, బెంగుళూరాయనతో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆయన మంచివాడే. మిగిలిన దండలు కూడా ఆవులకే పెట్టి, పేడలో కాలేసి, ఫోటో తీసుకుని పోయాడు.

"కాపురం ఎట్లుంటాదప్పా?" అని అడిగాను.

"నడుస్తాదక్కా" అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

అది నడిచింది. వానలు పోయాయి, ఎండలు పోయాయి, మళ్లీ వానలు వచ్చాయి, కప్ప ఆగలేదు. ఆయన రామసముద్రం పక్క ఏ పని మీద వచ్చినా మా ఇంటికి వచ్చేవాడు. టీ తాగేలోపల ఒకసారి కప్ప సీటు ఎత్తి, కింద సామాన్ల పెట్టెలోకి తొంగి చూసి, నూనె గుడ్డతో ఏదో తుడిచి, మళ్లీ మూసేవాడు. వైర్లు ఎలుకలు కొరుకుతున్నాయేమో చూస్తున్నాడని అనుకున్నాం. తక్కినవాళ్ల బండ్ల విషయంలో మాత్రం మారలేదు. ఒకే ఏడాదిది తెస్తే తిప్పి పంపేవాడు. మాకు చేసినట్టు దత్తత చెయ్యొచ్చు కదా అని నేనే ఒకసారి అడిగాను. మా ఇంటిది ఇంకెంతమందిని సాకుతాదక్కా అన్నాడు. నవ్వులాటకు అన్నాడనుకుని నవ్వాను.

ఫ్లెక్సీ చూసిన రోజు బస్టాండు నుంచి నేరుగా వాళ్లింటికే పోయాను. ఆమె ఏడవలేదు. వాకిట్లో కొత్త చీపురు ఉంది, నిండుగా.

మొన్న కప్ప ఆగిపోయింది. పొగ నీలంగా వచ్చి, శక్తి పోయి, గుట్ట మొదట్లోనే కూర్చుంది. బెంగుళూరాయనకు ఎవరు చెప్పారో, ఆ వారమే మా వాడికి మళ్లీ ఫోను. ఈసారి నేను మా వాణ్ని మాట్లాడనివ్వకుండా, ట్రాలీలో వేయించి మదనపల్లెలో ఒక మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాను. పిల్లోడు, పనిమంతుడు. ఇంజను విప్పి, బోరు బయటికి తీసి, తిప్పి తిప్పి చూశాడు.

ఇది ఈ బండిది కాదమ్మా అన్నాడు. ఇంకో ఏడాది మోడలుది. కింది అంచు చుట్టూరా చేత్తో అరగదీశారు, ఇదిగో ఆకురాయి గీతలు. బోరంతా అరిగిపోయింది, ఇంక పనికిరాదు.

నేను ఒప్పుకోలేదు. అది కుప్పం నుంచి నా ఒడిలో తెచ్చిన బోరు, నేనే పసుపు రాశాను అన్నాను. వాడు వాదించలేదు. సామాన్లు ఏమన్నా ఉన్నాయా అని సీటు ఎత్తి పెట్టె తెరిచాడు. పాత నూలుచీర ముక్కలో చుట్టిన మూట ఒకటి ఉంది. విప్పితే లోపల కుప్పం బోరు, దాని పిస్టను. నూనె రాసి రాసి అద్దం మాదిరి ఉంది. గాడుల సందుల్లో పసుపు ఇంకా ఉంది.

మంచిదాన్ని పెట్టెలో దాచి, పనికిరానిదాన్ని బిగించిన తెలివి ఎవరిది అని పిల్లోడు అడిగాడు. నేను పుంగనూరుకు, ఆయన ఇంటిదానికి ఫోను చేశాను.

"ఏం మే, మీ బోరు సీటు కింద ఉండాదే" అన్నాను.

అవతల చీపురు పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత ఆమె చెప్పింది. వేసెయ్ అని ఆ శనివారం తాను చెప్పిందట. ఆయన వినలేదట. ఎర్రదాని బోరునే ముందరేసుకుని, చేతులు బొబ్బలెక్కేదాకా అరగదీశాడట.

"పొద్దున ఒళ్లో పెట్టుకుని, మాపటికి ఇంజను మంటలోకి తోస్తామా అన్నాడక్కా. పోనీ ఇంట్లో పెట్టుకుందామంటే, ఎవురి సామాను వాళ్ల బండ్లోనే ఉండాల అన్నాడు."

మదనపల్లె పిల్లోడు స్పానరు పట్టుకుని నా నోటి వైపు చూస్తున్నాడు. కొట్టంలో మూడు ఆవులు ఉన్నాయి, నా మోకాళ్లు ఎట్లాంటివో ఆమెకూ తెలుసు. ఇప్పుడేం చెయ్యమంటావు మే అని అడిగాను. ఆమె ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.

"ఎన్నాళ్లని పుట్టింట్లో పెట్టుకుంటామక్కా" అంది. "పంపించెయ్."

ఫోను పెట్టేసి, చీర ముక్క మడిచి నడుములో దోపుకుని, బోరును పిల్లోడి వైపు చాపాను. వాడు ఒంటిచేత్తో అందుకోబోయాడు. రెండు చేతులతో పట్టుకోమన్నాను.